ఖాళీలు చదవక్కర్లేదు

మా ఆఫీసులో కొత్త బ్యాచి చేరినప్పుడల్లా నా గురించి ఒక కథ చెబుతారు. చెప్పే మనిషి ఒకప్పుడు తిరువూరులో నాతో కలిసి పనిచేసినవాడే, ఇప్పుడు మా అందరికీ పెద్ద. "ఈ మేడమ్‌తో జాగ్రత్త. ఇరవై మూడేళ్ళ వయసులో, ఎమర్జెన్సీ రోజుల్లో, జిల్లా ఆఫీసరు ముందు బల్ల గుద్ది, మన ప్రోగ్రాం తప్పు, షట్టరు దించండి అంది. ఒక పల్లె మునగకుండా ఆగింది. టీములో నోరు విప్పడమంటే అదీ!" అంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. నేను కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను.

శుద్ధ అబద్ధం. కాలువ గట్టు మీద బల్ల ఎవడు వేస్తాడు, నేను గుద్దడానికి? పల్లె మునగకుండా ఆగిన మాట నిజం. ఆపిన నోరు మాత్రం నాది కాదు. నా నోటికి జడిసి మా పిన్ని కూతుళ్ళు నా ముందు కొత్త చీర కట్టడానికి వెనకాడేవాళ్ళు. అలాంటి నోరు ఆ వారం భయంతో మూతపడింది. ఇన్నేళ్ళూ ఆ చప్పట్లు విని ఊరుకున్నాను కాబట్టి ఇప్పుడైనా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రోగ్రాములు రాసే టీము తిరువూరులో ఏంటి, అదీ డెబ్బైల్లో, అని ఇప్పటి పిల్లలకు నవ్వొస్తుంది. కంప్యూటరు మిషను హైదరాబాదులో ఉండేది. మమ్మల్ని మాత్రం కాలువ ఉన్నచోటే ఉండమని తిరువూరుకు పంపారు. బస్టాండు దగ్గర ఒక డాబా. కింద ఎరువుల కొట్టు, పైన మా రెండు గదులు. యూరియా వాసన పీలుస్తూ ప్రోగ్రాములు రాశాం.

పని ఏమిటంటే, కాలువలోకి ఏ రోజు ఎన్ని నీళ్ళు వదలాలో మిషను చేత చెప్పించడం. కాలువ పొడుగునా గేజీ రాళ్ళుంటాయి. నీటిమట్టం ఎన్ని అడుగులుందో లస్కరు, అంటే కాలువను కాపలా కాసే మనిషి, పొద్దునా సాయంత్రం ఆ రాయి మీద చూసి రిజిస్టర్లో రాస్తాడు. ఆ అంకెలను మేము అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టించి, చెప్పుల పెట్టెలో పేర్చి, పురికొస కట్టి, హైదరాబాదు బస్సు కండక్టరుకు అప్పజెబుతాం. నాలుగు రోజులకు అచ్చేసిన కాగితం, దాంతోపాటు మా కార్డులూ తిరిగొస్తాయి. చివర నీళ్ళు తక్కువైతే పైన షట్టరును చక్రం తిప్పి ఎన్ని చుట్లు ఎత్తాలో అందులో ఉంటుంది. వారం కిందటి నీళ్ళతో ఇవాళ్టి లెక్క! అదీ మా గొప్పే.

టీములో నలుగురం. సార్, ఆ కథ చెప్పే కొలీగు, నేను, కార్డులకు చిల్లులు కొట్టే పంచింగ్ అమ్మాయి.

సార్ ఒక్కనాడూ గొంతు పెంచి ఎరగడు. అదే వచ్చిన చిక్కు. అరిచేవాడి మీద నేనూ అరవగలను. ఎవరైనా తప్పు పట్టుకుంటే మురిసిపోయినట్టు ముఖం పెట్టి, "భేష్. నువ్వు పట్టావు గనక నువ్వే సరిచెయ్యి" అనేవాడు. సరిచెయ్యడమంటే షీట్లు మళ్ళీ రాయాలి, కార్డులు మళ్ళీ కొట్టించాలి, బస్సుకు మళ్ళీ పంపాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆఫీసు రిజిస్టర్లో 'ఆలస్యానికి కారణం' అనే చోట పట్టుకున్నవాళ్ళ పేరు రాయాలి. చేసినవాళ్ళ పేరు కాదు, పట్టుకున్నవాళ్ళ పేరు. నాలుగు నెలలు గడిచేసరికి మా టీములో తప్పులు బాగా తగ్గాయని సార్ పైకి రిపోర్టు పంపాడు. తగ్గింది తప్పులు కాదని ఆ గదిలో అందరికీ తెలుసు.

నేనొక్కదాన్నే ఇంకా పడుతుండేదాన్ని. న్యాయం కోసం అనుకునేరు, కాదు, పౌరుషం కోసం. ఎదుటివాళ్ళ తప్పు పట్టి, ముఖం మీద చెప్పి, ఆ ఆలస్యం కింద నా పేరు నేనే పెద్దక్షరాలతో రాసుకునేదాన్ని.

"ఏవండీ, మీకు తప్పులు పట్టే ఉద్యోగం ఇంకెక్కడైనా చూస్తాం. మా మీద పడకండి," అనేవాడు కొలీగు.

"ముందు మీకు తప్పులు చెయ్యని ఉద్యోగం చూసుకోండి," అనేదాన్ని.

పంచింగ్ అమ్మాయిది గంపలగూడెం దారిలో, కాలువ కట్ట కిందనే ఉండే పల్లె. తండ్రి లేడు. తల్లి నాట్లకూ కలుపుకూ పోయేది. పిల్ల ఎస్సెల్సీ చదివి, టైపు పాసై, రోజుకూలి మీద మా దగ్గర చేరింది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమేనట. అందుకేనేమో ఆ గొంతులో అంకెలు కూడా నిదానంగా, మర్యాదగా వినబడేవి. బస్సుకు పంపేముందు కార్డులన్నీ పైకి చదివించడం మా పద్ధతి. ఆమె ఒక్కో కార్డూ వెలుతురుకు పట్టుకుని చదువుతుంటే మేము షీట్లో టిక్కులు పెట్టుకుంటూ పోవాలి.

"నాలుగు పాయింటు రెండు. ఖాళీ. నాలుగు పాయింటు మూడు. ఖాళీ. ఖాళీ."

"ఖాళీలు చదవక్కర్లేదమ్మా," అన్నాడు సార్ మొదటి వారమే. "టైం దండగ. ఉన్నవి చదువు, చాలు."

"మరి లేనివి ఉన్నాయని ఎట్టా తెలుస్తుందండీ?"

కొలీగు పకపకా నవ్వాడు. సార్ చిరునవ్వు నవ్వాడు. నేను ఊరుకుంటానా? "లేనివి ఉండటమేంటమ్మాయ్? వేదాంతమా?" అన్నాను. ఆ పిల్ల తల దించుకుంది. ఆ రోజు నుంచి ఖాళీ వచ్చిన చోట 'ఖాళీ' అనడం మానేసింది గానీ, ఒక్క ఊపిరి సేపు ఆగేది. ఆగి, తర్వాతి అంకె చదివేది.

ప్రోగ్రాంలో నీటిమట్టాలను చదివి లోపలికి తీసుకునే భాగం నాది. చుట్ల లెక్క కట్టే భాగం కొలీగుది. నా భాగాన్ని కార్డుల మీదికి కొడుతూ ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి తలెత్తింది. సార్ లేనప్పుడు నన్ను అక్కా అని పిలిచేది.

"అక్కా, గడి ఖాళీగా ఉంటే మిషను ఏమనుకుంటుందండీ?"

నాకేదో కూడిక కుదరక చిరాకుగా ఉంది. "మిషను ఏమీ అనుకోదు. అనుకోవడం మనుషుల రోగం. షీట్లో ఉన్నది కొట్టు."

"సరే అక్కా."

చిల్లులు కొట్టే పంచి మళ్ళీ టకటకలాడింది. నిజానికి జవాబు నాకు తెలుసు. పుస్తకంలో చదివాను. అంకె ఉండాల్సిన చోట ఏమీ లేకపోతే మిషను దాన్ని సున్నా అని తీసుకుంటుంది. తెలిసి కూడా ఆ ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం నిలబడలేదు.

శ్రావణమాసం. వానలు బాగా పడి కాలువ నిండా పారుతోంది. శుక్రవారం జిల్లా నుంచి ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. మిషను చెప్పిన లెక్క ప్రకారం ఆయన సమక్షంలో షట్టరు ఎత్తాలి. ఫలానా ఆఫీసులో పది నిమిషాలు ఆలస్యంగా వచ్చిన గుమాస్తాను ఇంటికి పంపారట, ఫలానా ఊళ్ళో ఎవరో టీకొట్టు దగ్గర ఏదో అన్నందుకు తీసుకుపోయారట అని చెవుల్లో చెప్పుకునే రోజులవి. నిజమో కాదో ఎవరికీ తెలియదు. తెలియకపోవడం వల్లే అన్నీ నిజంలాగే ఉండేవి. సార్ కూడా ఆ వారం నిదానంగానే మాట్లాడాడు గానీ, రోజుకు మూడుసార్లు క్యాలెండరు దగ్గరికి వెళ్ళి శుక్రవారం మీద వేలు పెట్టి వచ్చేవాడు.

బుధవారం పొద్దున బస్సులో కాగితం వచ్చింది. శుక్రవారం ఎత్తాల్సిన లెక్క అదే. చివరి వరుసలో, ఆ అమ్మాయి పల్లె దగ్గరి గేజీకి ఎదురుగా, నీటిమట్టం సున్నా. షట్టరు ఆరు చుట్లు.

మామూలుగా రెండు చుట్లు. నిండు కాలువకు ఆరు చుట్లా? మొదట సంతోషమే వేసింది, దాచుకోను. చుట్ల లెక్క కొలీగుది. దొరికాడు అనుకున్నాను. పెన్సిలు చెక్కుకుని అతని లెక్క మొదటి నుంచీ వేసుకుంటూ వచ్చాను. ఎక్కడా తప్పు లేదు. చివర నిజంగా సున్నా ఉంటే ఆరు చుట్లే ఎత్తాలి. మరి సున్నా ఎక్కణ్ణించి వచ్చింది? కార్డులు తీశాను. చివరి గేజీ కార్డు మీద సున్నా చిల్లు లేదు. అంకెలు తక్కువ, ఖాళీలు ఎక్కువ. అంటే ఆ సున్నాను పుట్టించింది నా భాగం.

ఎదురుగా కొలీగు పల్లీలు నములుతున్నాడు. "ఏంటండీ, ఇవాళ ఎవరి మీద పడాలో దొరకలేదా?" అన్నాడు. కార్డులు మళ్ళీ కట్ట కట్టాను. తిరిగి తిట్టకపోవడం చూసి అతనే కంగారుపడి పల్లీల పొట్లం ఇటు జరిపాడు.

ఖాళీలు అన్నెందుకున్నాయో తేల్చుకోవాలని గురువారం పొద్దున, రిజిస్టర్లు సరిచూడాలని చెప్పి గంపలగూడెం బస్సెక్కాను. పల్లె దగ్గర దిగి కట్ట ఎక్కాను. ముసలి లస్కరు గేజీ రాయి పక్కన చుట్ట ముట్టించుకుని కూర్చున్నాడు. రాయి మీద అంకెలు కనబడితేగా? ఐదు దాటి నీళ్ళలో మునిగిపోయాయి.

"తాతా, సాయంత్రం గడులన్నీ ఎందుకు ఖాళీగా వదిలావు?"

"పొద్దున ఎంతుందో సాయంత్రం అంతే ఉందండీ. మారితే రాస్తాం గానీ, మారనిదానికి రాతెందుకమ్మగారూ? సిరా దండగ."

"వరసగా మూడు రోజులు ఏమీ రాయలేదే?"

"మూడు రోజులూ మారలేదండీ. నిండుగా ఉంటే ఏం మారుద్ది? మా నాయనా ఇట్టాగే రాశాడు, మా పెద్దసారూ ఎప్పుడూ ఏమీ అనలా."

అతను చెప్పింది అప్పుడర్థమైంది. కాలువ ఎంత నిండుగా, ఎంత నిలకడగా ఉంటే అతని రిజిస్టర్లో అన్ని ఖాళీలు. ఎన్ని ఖాళీలుంటే మా మిషనుకు కాలువ అంత ఎండిపోయినట్టు. నిండేకొద్దీ ఇంకా వదలమంటుంది.

"రేపు పైన షట్టరు ఎత్తుతారంట గదా?" అన్నాడు.

"ఎన్ని చుట్లయితే ఇక్కడ ఆగుతుంది తాతా?"

కర్రతో చూపించాడు. కట్టకు ఒకచోట కొత్తమట్టి, చుట్టూ పచ్చగడ్డి, మధ్యలో పుండు మానినట్టు. "నిరుడు ఇక్కడే గండి పడింది. మట్టి ఇంకా కుదురుకోలా. మూడు చుట్లు దాటితే నా పూచీ లేదమ్మగారూ."

కట్ట దిగువన ముప్పై నలభై తాటాకు ఇళ్ళు, చిన్న చర్చి, దాన్ని ఆనుకుని నాట్లు పడుతున్న మళ్ళు. వంగిన నడుములు వరసగా వెనక్కి జరుగుతున్నాయి. వాళ్ళలో ఒకామె తలెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "మా పిల్లతో పనిచేసే మేడమా? ఎండలో నిలబడ్డారేంటండీ, కిందకి రండి, మజ్జిగ తాగుదురు!" అని కేక వేసింది. చెయ్యి ఊపి బస్సు కోసం పరుగెత్తాను.

బస్సులో కూర్చుని ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. సార్, లెక్క తప్పింది. ఎవరిది? నాది. మళ్ళీ పంపి తెప్పించాలంటే నాలుగు రోజులు. ఆఫీసరు రేపు. ఆలస్యానికి కారణం అన్నచోట పట్టినవాళ్ళ పేరు, చేసినవాళ్ళ పేరు రెండూ నావే. ఆడపిల్లకు ఇలాంటి పని ఇస్తే ఇంతే అంటారు. నేను గడ్డి పెట్టిన ప్రతివాడూ ఇప్పుడు నోరు తెరుస్తాడు. రెడ్డిగూడెంలో మామిడితోటలు తప్ప ఏమీ ఎరగని మా నాన్న, ఊరంతటినీ ఎదిరించి నన్ను బీయెస్సీ చదివించాడు. ఆయన ముఖం ఏమవుతుంది? ఇంకో పక్క ఆ మజ్జిగ పిలుపు.

సాయంత్రం నాలుగింటికి సార్ అందరినీ కూర్చోబెట్టాడు. కాగితం ముందు పరిచి ఉంది.

"రేపు మన టీము పరీక్ష. ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. తర్వాత వద్దు. సరేనా?" కొలీగు వైపు చూశాడు.

"సరేనండి."

"నువ్వేమ్మా? పొద్దున వెళ్ళి చూసొచ్చావుగా. సరేనా?"

పంచింగ్ అమ్మాయి మూల స్టూలు మీద కూర్చుని కార్డులు కట్టకడుతోంది. ఆమెను ఎవరూ అడగలేదు. ఎప్పుడూ అడిగింది లేదు.

"సరే సార్," అన్నాను.

అంతే. నా జీవితంలో ఇంతకంటే చిన్న మాట నేనెప్పుడూ అనలేదు. రెండు చుట్లు ఎత్తగానే ఎవరో ఒకరు చూసి ఆపుతారులే, లస్కరు చెబుతాడులే, సార్‌కి తోస్తుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అందరూ అలాగే అనుకుని సరే అంటారని అప్పుడు తెలియదు.

శుక్రవారం పది గంటలకు కాలువ మొదట్లో, షట్టరు దగ్గర, మామిడాకులు కట్టారు. కాగితాన్ని అట్టకు అంటించి అందరికీ కనబడేలా నిలబెట్టారు. పంచింగ్ అమ్మాయి చేతిలో పళ్ళెం, అందులో కార్డులు, పక్కన నాలుగు చామంతులు. చూపించడానికి ఆమెను రమ్మన్నారు. పల్లె నుంచి కట్ట మీదుగా నడిచి వచ్చిందట, పాదాలకు తడిమట్టి ఇంకా ఉంది. అట్ట దగ్గరికి వెళ్ళి చివరి వరుస చదివింది. మళ్ళీ చదివింది. నా వైపు చూడబోతే నేను దండలవైపు తిరిగాను.

అక్కడ వదిలిన నీళ్ళు పల్లెకు చేరడానికి రెండు గంటలు. ఇద్దరు మనుషులు చక్రం పట్టుకున్నారు. కొలీగు వాళ్ళ పక్కన నిలబడి గట్టిగా లెక్కపెడుతున్నాడు. ఒకటి. ఇనుము కీచుమంది. రెండు. ఇక ఆపాలి, ఎవరైనా ఆపాలి. మూడు. షట్టరు కింద నీళ్ళు రంగు మారి, ఎర్రగా, సుళ్ళు తిరుగుతూ దూకుతున్నాయి. నాలుగు. చక్రం తిప్పేవాళ్ళు చెయ్యి మార్చుకోవడానికి ఆగారు.

ఆఫీసరు సరదాగా పళ్ళెం వైపు తిరిగాడు. "ఏమ్మా, ఈ చిల్లుల్లో ఏముందో నువ్వు చదవగలవా?"

"చదువుతానండి."

"ఏదీ, చదువు."

పైన ఉన్న కార్డు తీసి ఎండకు పట్టుకుంది. చర్చిలో చదివే గొంతు. "చివరి గేజీ. పోయిన గురువారం ఉదయం ఐదు పాయింటు ఒకటి. సాయంత్రం ఖాళీ. శుక్రవారం ఉదయం ఖాళీ. సాయంత్రం..."

"ఖాళీలు అక్కర్లేదమ్మా," అన్నాడు సార్ నవ్వుతూ.

ఒక్క ఊపిరి సేపు ఆగింది.

"చదవాలండి సార్." ఆఫీసరు వైపు తిరిగింది. "అక్కడ మా ఊరికి ఎదురుగా సున్నా ఉందండి. నేను సున్నా కొట్టలేదండి. ఏమీ కొట్టలేదు, ఖాళీ. పొద్దున కట్ట మీదే నడిచొచ్చాను. నీళ్ళు అంచుదాకా ఉన్నాయండి. ఇంకా వదిలితే కట్ట ఆగదు. కింద మా అమ్మావాళ్ళు నాట్లలో ఉన్నారండి. ఆపించండి."

చక్రం దగ్గరివాళ్ళు ఇంకా తిప్పడం మొదలెట్టలేదు. ఆఫీసరు నవ్వు మెల్లగా పోయింది.

"ఎన్నయ్యాయి?"

"నాలుగండి," అని కొలీగు అటు నుంచి అరిచాడు.

"దించండి. మొత్తం దించండి."

దించినా, అప్పటికే దూకిన నీళ్ళను వెనక్కి పిలవలేం కదా. ఆఫీసరు జీపెక్కి, సార్‌ను, ఆ అమ్మాయిని ఎక్కించుకున్నాడు. కొలీగు షట్టరు దగ్గరే ఉండిపోయాడు. నన్నెవరూ పిలవలేదు. నిలబడటం కంటే వెళ్ళడమే తక్కువ భయమనిపించి వెనక ఎక్కాను. కట్ట మీద జీపు, పక్కన కాలువ. మేము వదిలిన నీళ్ళు నురగతో, కొట్టుకొచ్చే గడ్డిపరకలతో మాతో పాటే వస్తున్నాయి. ఒకచోట వాటిని దాటాం. దాటినందుకు సంతోషించాలా? అవి వెనకాలే వస్తున్నాయిగా. ఆ అమ్మాయి ముందుకు వంగి కూర్చుని పెదవులు కదుపుతోంది. ప్రార్థనో, అంకెలో నాకు తెలియదు.

పల్లె దగ్గర ఆమె జీపు ఆగకముందే దూకింది. కొత్తమట్టి కింద అప్పుడే చెమ్మ ఊరుతోంది. ఆమె కేక వేస్తే మళ్ళలోంచి ఆడవాళ్ళు బురద కాళ్ళతో పైకొచ్చారు. గోనెసంచులు, తాటిమట్టలు, తట్టల్లో మట్టి. ముసలి లస్కరు "తొక్కండి, తొక్కండి!" అని అరుస్తున్నాడు. ఆఫీసరు కూడా ప్యాంటు మడుచుకుని ఒక సంచి మోశాడు. నేను జీపు దిగలేదు. దిగలేకపోయాను. ఇనుపకడ్డీ పట్టుకున్న చెయ్యి ఊడి రాలేదు. నీళ్ళు వచ్చాయి. బెత్తెడు పెరిగాయి. మట్టి మీదికి నాలుక చాచి ఒకచోట కిందికి జారాయి, అక్కడ ఆ అమ్మాయి తల్లి సంచి వేసి దాని మీదే అడ్డంగా కూర్చుంది. ఎంతసేపో తెలియదు. మునిగిన గడ్డిపరక ఒకటి మళ్ళీ తేలింది. నీళ్ళు తీస్తున్నాయి.

కట్ట ఆగింది.

అప్పుడు ఆఫీసరు సార్‌ను అడిగాడు, "ఎలా జరిగిందయ్యా ఇది?"

సార్ ఎప్పటిలాగే నిదానంగా అన్నాడు, "పంచింగ్‌లో పొరపాటండి. అంకె కొట్టాల్సిన చోట వదిలేసింది. కొత్తమ్మాయి."

సార్‌కి నా తప్పు తెలుసని నేననుకోను. అతనికి ఒక మనిషి కావాలి, చేతికి అందే మనిషి. అప్పుడు నేను ఒక్కమాట అంటే చాలు. నీళ్ళు తీశాయి, ప్రాణభయం లేదు, దిగి నాలుగడుగులు వెయ్యాలంతే. వెయ్యలేదు. కట్ట తెగుతుందన్నప్పటి భయం కంటే, తెగలేదన్నాక పట్టుకున్న భయం పెద్దదిగా ఉంది. ఇప్పుడు నిజం చెబితే అది నా ఒక్కదాని మీదే పడుతుంది మరి.

"నిజమేనా అమ్మా?" అన్నాడు ఆఫీసరు.

మోచేతుల దాకా మట్టి. సార్‌ను చూసింది. తర్వాత జీపులో ఉన్న నన్ను చూసింది. ఖాళీ గడి దగ్గర ఆగేటంత సేపు ఆగింది.

"ఇంకోసారి అడగాల్సిందండి," అంది. "పొరపాటేనండి."

ఆఫీసరుకు ఆ మొదటి మాట అర్థం కాలేదు. అర్థమైంది ఒక్కదానికే, ఖాళీ గడి గురించి ఆమె ఒకసారి అడిగితే కసిరినదానికి. ఆ ఒక్కదీ కడ్డీ పట్టుకుని కూర్చుంది.

సోమవారం ఆమె స్టూలు ఖాళీ. పంచి మీద గుడ్డ కప్పి ఉంది. "ఆ అమ్మాయి ఇక రాదు," అన్నాడు సార్. రిజిస్టర్లో ఆలస్యానికి కారణం అన్నచోట ఆమె పేరు రాశాడు. రూలు ప్రకారమే. పట్టుకుంది ఆమేగా! నేను ఎవరికీ చెప్పకుండా నా భాగంలో మూడు కార్డులు కలిపాను, గడి ఖాళీగా ఉంటే అంతకుముందు అంకెనే ఉంచమని. వాటిని నేనే చేత్తో కొట్టుకున్నాను. ఒక్కో అక్షరానికీ మూడుసార్లు తప్పాను.

కొలీగు కథ ఎలా పుట్టిందో నాకు తెలుసు. ఆ రోజు అతను చక్రం దగ్గర, జనానికి అవతల ఉన్నాడు. ఒక ఆడగొంతు వినబడింది, ఆఫీసరు ఆపమన్నాడు. ఆఫీసరును ఆపే ఆడగొంతంటే అతని లెక్కలో అది నాదే అయ్యుండాలి. రోజుకూలి మీద వచ్చే పిల్లది ఎలా అవుతుంది? అతను కూడా ఖాళీలో తనకు తోచింది పెట్టుకున్నాడు. బల్ల తర్వాత తర్వాత చేరింది. దిద్దాల్సింది నేను. దిద్దలేదు. నోరు విప్పడం గురించి పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు కూడా దిద్దలేదు.

కొన్నేళ్ళ తర్వాత తిరువూరు బస్టాండులో ఆమె కనబడింది. చేతిలో బలపాల డబ్బా, చంకలో పలకల కట్ట. ఎక్కడో బళ్ళో చెబుతోందట.

"బాగున్నారా అక్కా?" అంది, నిన్ననే చూసినట్టు.

"బాగున్నాను. నువ్వు?"

"బాగున్నానండి. ఇప్పటికీ కాలువ నిండితే మా అమ్మ నిద్రపోదు." నవ్వింది. గంపలగూడెం బస్సు కదిలింది. ఎక్కేసింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. ఊరందరితో తగాదా పెట్టుకునేదాన్ని, ఆ రెండు నిమిషాల్లో నోరు పెగల్లేదు. భయమే. కట్ట మీది భయమే, వయసు వచ్చినా తగ్గనిది.

అందుకని ఇక్కడ అడుగుతున్నాను. ఊరి కోసం అంతమందిలో గొంతెత్తినదానివి, నీ వంతు వచ్చేసరికి 'ఇంకోసారి అడగాల్సింది' అని ఊరుకున్నావు. మొదటిసారి అడిగింది ఎవరినో ఎందుకు చెప్పలేదమ్మాయ్?